ఏబీఎస్ లైటు, పులిహోర డబ్బా మూత

రావల్కోల్,
వరలక్ష్మీ వ్రతం మరునాడు.

ప్రకటన

ఇందుమూలముగా శామీర్‌పేట కాలనీవాసులందరికీ, ముఖ్యముగా డాబా మీద సొరపాదు పెంచు శ్రీ చలపతిరావు గారికి తెలియజేయునది ఏమనగా: వారి సతీమణి పద్మజక్క మా ఇంటికి పంపిన పులిహోర డబ్బా తాలూకు స్టీలు మూత మా ఆధీనములో క్షేమముగా ఉన్నది. డబ్బా వాపసు వచ్చినది గాని మూత రాలేదని ఎవరూ ఆందోళన చెందరాదు. మూతకు రోజూ స్నానము చేయించి ఎండకు పెట్టుచున్నాము. అయినను, దిగువ రాసిన వ్యవహారము తేలువరకు సదరు మూత విడుదల చేయబడదు. దీనిపై అప్పీలు లేదు.

ఇట్లు, మూత స్వాధీనపు అధికారి, మధుసూదన్, పదో తరగతి (పలుమార్లు).

రావు సాబ్, ఇగ నవ్వింది చాలు, మిగతాది కోపంతో రాస్తున్నాను.

మీరు నా నంబరు బ్లాక్ చేశారు కాబట్టి ఉత్తరం రాయవలసి వచ్చింది. పావురాల లెక్కల ఆఫీసరునని గొంతు మార్చి ఫోన్ చేసింది నేనే, కాదనను. కాని ఎండలో డాబా ఎక్కి, ఆడ పావురాలెన్ని మగ పావురాలెన్ని అని చూసి, అనుమానం ఉన్నవాటిని వేరే గీతలో రాసి పెట్టుకున్నది మీరు. అది మీ నిజాయితీ, నా తప్పెట్లయితది. మా పాల గండయ్య రోజూ మీ కాలనీకే వస్తాడు, జవాబు వాని చేతికియ్యండి.

మంగళవారం పొద్దున మా బిడ్డ రక్షిత తుర్కపల్లిలో ల్యాబుకు పోతున్నది. మీరు మాకమ్మిన కారులోనే. ముసురు పట్టి ఉంది. శామీర్‌పేట చెరువు దాటినాక గొర్లమంద రోడ్డెక్కింది. పిల్ల బ్రేకు తొక్కింది. చక్రాలు బిగుసుకుపోయినయి గాని కారు ఆగలేదు. స్టీరింగు ఎటు తిప్పినా వినలేదు. అడ్డం తిరిగి జారుకుంటూ పోయి, రోడ్డు పక్కన కంకులు కాల్చి అమ్మే తారాబాయి బండిని గుద్దింది. తారాబాయి పక్కకు దూకింది కాబట్టి మోచెయ్యి గీరుకుపోవడంతో సరిపోయింది. రోడ్డంతా బొగ్గులు, కంకులు. "ఇటు గాక అటు దూకుంటే నా బొగ్గుల మీద నేనే కాలుదును గదనే బిడ్డా" అని తారాబాయి అన్నప్పటి నుంచి మా పిల్ల తలెత్తి నడవడం లేదు.

ఇంటికొచ్చేసరికి మా అమ్మ బుచ్చమ్మ గడప మీదనే కూర్చుని ఉంది. "ఆడివిల్లకు కారెందుకని నేను ముందుగాలనే అన్న. ఇగ సాలు" అని తాళం గుంజుకొని కొంగుకు ముడేసింది. రెండో తాళం, సొట్టపోయిన కారు మేడ్చల్‌లో మెకానిక్ ప్రతాప్ షెడ్డులో ఉన్నయి. ల్యాబు వాళ్ళ క్యాబు మా ఊరికి రాదు. మా అన్న కొడుకు అన్వేష్ రోజూ మోటర్ సైకిల్ మీద మేడ్చల్ దాకా దింపుతున్నాడు. వాడు ఊరికే దింపుతాడా. "అక్కా, గొర్రె కనవడితే ముందే జెప్పు, నేను దిగి పక్కకు జరుపుత" అంటున్నాడంట. వానకాలం పోయేదాకా ఇట్లనే అయితే ఉద్యోగం మానేయమని మా అమ్మ తీర్పు. మా ఇంటామె జయమ్మ, అత్తకు ఎదురు చెప్పదు.

నాకు అసలు కోపం వీళ్ళ మీద కాదు. పిల్ల కూడా "నాదే తప్పు బాపూ, నేనే గట్టిగ తొక్కిన" అంటున్నది. మోటర్ సైకిల్ వెనక కూర్చుని, ముందట ఏదన్నా బండి ఆగితే చాలు, కాలు ఒత్తుతున్నదంట.

ఎందుకు గట్టిగ తొక్కిందో మీకు తెలుసు. తాళం చేతికిచ్చిన రోజు పక్క సీట్లో కూర్చుని చెప్పింది మీరే. "ఏబీఎస్ ఉందమ్మా, భయపడకుండా పూర్తిగా తొక్కేసి అలాగే పట్టుకో, బండి తిన్నగా ఆగుతుంది" అన్నారు. పిల్ల అట్లనే చేసింది. మరి ఎందుకు ఆగలేదో చెప్పండి.

మధుసూదన్


శామీర్‌పేట,
ఆగస్టు చివర.

మధుసూదన్ గారికి,

మీ ఉత్తరం పాల వాసనతో అందింది. రక్షితకు దెబ్బలు తగలలేదని తెలిసి పద్మజా నేనూ ఊపిరి పీల్చుకున్నాం. ఆ ఒక్క సంగతి కోసమే ఈ జవాబు. మిగతా ఉత్తరానికి జవాబు రాయాల్సిన అవసరం నాకు లేదు.

నేను మందుల కంపెనీలో నాణ్యత చూసే ఉద్యోగం చేస్తున్నాను. మాత్ర మీద గీత కాస్త వంకరగా పడితే మొత్తం సరుకు ఆపేస్తాను, పైవాళ్ళు ఎంత అరిచినా సంతకం పెట్టను. అలాంటివాణ్ణి పట్టుకుని చెడిపోయిన బ్రేకులున్న కారు అంటగట్టానన్నట్టు రాశారు. ఏబీఎస్ లైటు వెలుగుతూ ఉండగా నేను ఏనాడూ చూడలేదు. ఈ మాట ఎవరి ముందైనా చెబుతాను. తడి రోడ్డు మీద ఏ కారైనా కాస్త జారుతుంది. పైగా అలవాటు లేని కాలు. అమ్మాయిని అన్నానని కాదు, జరిగేదే చెబుతున్నాను.

పావురాల విషయంలో మీరు నవ్వుతూ రాశారు. ఆ రోజు పైడాబా మీద నాకు కళ్ళు తిరిగాయి. కాలనీ వాట్సాప్ గ్రూపులో ఇప్పటికీ నన్ను కొందరు ఏమని పిలుస్తున్నారో మీకు తెలిసే ఉంటుంది. మీరు చెప్పే మాటల్లో ఏది నిజమో, ఏది వేళాకోళమో తేల్చుకోవడం నా వల్ల కాదు. అందుకే నంబరు బ్లాక్ చేశాను. బ్లాక్ తియ్యను.

పద్మజ మూత అడగమంది. ఆ డబ్బా ఆవిడ పెళ్ళినాటిది. పెద్దమనిషి తరహాగా పంపించండి.

చలపతిరావు


రావల్కోల్,
వినాయక నిమజ్జనం అయిన వారం.

నాణ్యత గల రావు సాబ్‌కు,

మీ ఉత్తరం చదివిన. "అలవాటు లేని కాలు" అన్న మాట దగ్గర ఆగి, లేచి నీళ్ళు తాగొచ్చి, మళ్ళీ చదివిన. మీరు చెప్పినట్టే తొక్కిన కాలు అది. పాఠం చెప్పింది మీరని నేను రాస్తే దాని ఊసెత్తకుండా మాత్రల గీతలు, పావురాలు రాసిండ్రు. ఇప్పుడు నేను చెప్పేది వినండి.

మొదట్ల ప్రతాప్ కూడా మీలాగే మాట్లాడిండు. "సేట్, ఆడివిల్లలు బ్రేకు మీద నిలవడ్తరు, బండేం జేస్తది" అనుకుంట బంపరు బిగించిండు. బిగించినాక పాటలు విందామని తాళం తిప్పి, ఇంజను స్టార్టు చేయకుండా సీట్లో ఒరిగిండు. నేను పక్కన నిలబడే ఉన్న. డాష్‌బోర్డు మీద లైట్లన్నీ వెలిగినయి. ఏబీఎస్ లైటు కొంచెంసేపు వెలిగి తనంతట తానే ఆరాలంట. ఆరలేదు. పాట అయిపోయింది, అది ఆరలేదు. ఇంజను స్టార్టు చేసేసరికి ఆయిల్ లైటు, ఏబీఎస్ లైటు రెండూ ఒక్కసారే ఆరినయి. బంద్ చేసి మళ్ళీ తిప్పిండు. మళ్ళీ అవి జంటగానే వెలిగి జంటగానే ఆరినయి. ప్రతాప్ పాట ఆపేసిండు.

"సేట్, గీ లైటును తీస్కపోయి ఆయిల్ లైటుకు కట్టిండ్రు. బండి కొనేటోడు సూస్తే వెలిగి ఆరినట్టు కనవడాలె, గంతే" అన్నడు. ఆడివిల్లల గురించి అన్న మాట వాపసు తీసుకోలేదు, కాని ఆ తర్వాత వాని నోట ఆ ముచ్చట రాలేదు.

మిషను తగిలించి చూస్తే ముందు ఎడమ చక్రం నుంచి కబురే లేదు. మీకు తెలుసో తెలియదో, నాకైతే తెలియదు, ప్రతాప్ చెప్పింది రాస్తున్న. ప్రతి చక్రం దగ్గర పళ్ళ రింగొకటి, దాని పక్కన బొటనవేలంత సెన్సరొకటి ఉంటయి. చక్రం ఎంత జోరుగా తిరుగుతున్నదో సెన్సర్ చెప్తుంటది, ఇంజను పక్కనున్న పెట్టె వింటుంటది. చక్రం బిగుసుకుపోబోతే ఆ పెట్టె బ్రేకును వదిలి పట్టి, వదిలి పట్టి చక్రాన్ని తిరగనిస్తది. అప్పుడు స్టీరింగు మన మాట వింటది. మన రింగు పగిలింది, సెన్సర్ చచ్చింది. ఒక్క చక్రం కబురు రాకున్నా పెట్టె మొత్తం పడుకుంటది. పడుకున్నానని చెప్పడానికే ఆ లైటు. ఆ లైటు నోరు కుట్టి, కారును నా బిడ్డ చేతిలో పెట్టి, పక్కన కూర్చుని, గట్టిగ తొక్కమ్మా అని చెప్పిండ్రు.

ఇంకొక్క సంగతి. ప్రతాప్ డాష్‌బోర్డు విప్పిండు. మెలేసిన ఆ రెండు వైర్లను దేంతోటి కట్టిండ్రో చెప్పమంటారా. లుంగీ పీలికతోటి. నీలం గళ్ళు, మధ్యల సన్న పసుపు గీత. మీ డాబా మీద సొరపాదును పందిరికి కట్టింది అసొంటి పీలికలతోటే. నేను మీ ఇంట్ల చాయ్ తాగిన ప్రతిసారీ వాటిని చూసుకుంటనే తాగిన. మీకు అనుమానముంటే షెడ్డుకు రండి, విప్పింది విప్పినట్టే ఉంచిన.

ఇదంతా మా అమ్మకు చెప్పిన. ఆమె ఏమన్నదంటే, "పండ్లన్నీ ఉన్న ముసలోళ్ళకు పింఛనిస్తుండ్రని జెప్పి నన్ను పంచాయతి ఆఫీసుకు తోల్కపోయి నోరు దెరిపిచ్చినోనివి నువ్వు. నీ మాట నేను వింటనా" అన్నది. జయమ్మ అయితే కూర కలుపుకుంటనే నవ్వింది. రక్షిత నవ్వలేదు. "నా కోసం కత పెట్టకు బాపూ" అని లోపలికి పోయింది. రావు సాబ్, ఈ ఇంట్ల నేను నిజం చెప్పినా అది అబద్ధం కిందనే పోతది. మీ మాట చెల్లుతది. మా అమ్మ మిమ్మల్ని "గా అబద్ధమాడని సారు" అంటది. ఆ మాట మీరు నిలబెట్టుకుంటరో, మీ లుంగీతోటే కట్టి దాస్తరో మీ ఇష్టం.

మూతను నిన్న ఎండకు పెట్టలేదు. నా మనసు బాగ లేదు.

మధుసూదన్


శామీర్‌పేట,
బతుకమ్మ పండుగకు ముందు ఆదివారం, ఉదయం.

మధుసూదన్ గారికి,

మీరు హద్దు దాటారు. మీ షెడ్డుకి నేను రాను. వస్తే దొంగ అని ఒప్పుకున్నట్టే.

నాకు నీలం గళ్ళ లుంగీ ఉన్న మాట నిజం. పసుపు గీత ఉన్న మాట కూడా నిజం. కాని నా లుంగీ చింపి కారు వైర్లకు కట్టానని రాయడానికి మీకు చేయి ఎలా వచ్చింది? పొద్దున్నే బీరువాలోవి, దండెం మీదవి, పాదుకు కట్టినవి అన్నీ తీసి హాల్లో పరిచాను. పద్మజ కాఫీ గ్లాసు పట్టుకుని చూసి, "ఏంటండీ ఈ సంత, లుంగీల కొట్టు పెడుతున్నారా" అంది. మీ ఉత్తరం చదివి వినిపిస్తే పక్కింటికి వినబడేలా నవ్వింది. నవ్వాక, "ఆ పిల్ల చేతికి తాళం మీరే కదా ఇచ్చింది" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. అప్పటినుంచి నాతో సరిగా మాట్లాడటం లేదు. ఇదీ మీరు చేసిన ఘనకార్యం.

మా అబ్బాయి నాగసాయికి ఇప్పుడే పుణె ఫోన్ చేస్తున్నాను. మీరు ఏం రాశారో వినమని వాడికీ చదివి వినిపిస్తాను. అమ్మకం నాటికి కారు పనులన్నీ చూసింది వాడే. వాడు చెబితే సాక్ష్యమైనా ఉంటుంది.

అదే రోజు, సాయంత్రం.

పైన రాసింది కొట్టేయడం లేదు. అలాగే ఉండనిస్తున్నాను, నేనెలా మాట్లాడానో మీకు తెలియాలి.

నాగసాయికి చదివి వినిపించాను. వాడికి కోపం వస్తుందని ఎదురుచూశాను. లైటు, రింగు, సెన్సర్ అన్నప్పుడు వాడు ఊ కొడుతూ విన్నాడు. లుంగీ పీలిక దగ్గరకొచ్చేసరికి మాత్రం, "లుంగీ గుడ్డేంటి నాన్నా, నల్ల టేపు కదా చుట్టించింది" అన్నాడు.

ఏ టేపు, ఎవరు చుట్టించారు అని అడిగాను. పద్మజ వంటింట్లోంచి బయటికొచ్చింది.

జరిగింది ఇది. జూన్‌లో మూఢం వస్తోందని, ఈలోపే కారు ఇంటికి రావాలని మీరు రోజూ ఫోన్ చేశారు. అప్పటికే లైటు వెలుగుతోందట. నాగసాయి రింగూ సెన్సరూ తెప్పించమని గ్యారేజీలో చెప్పాడు. అవి వచ్చేసరికి మూఢం పడిపోతుంది. పూజ చేసి కొబ్బరికాయ కొట్టే వేళకు ఎదురుగా పసుప్పచ్చ లైటు వెలుగుతుంటే మీరు అపశకునం అంటారని, ఈ నాలుగు రోజులకీ కనపడకుండా చేయమన్నాడట. సామాను రాగానే మీకు చెప్పి వేయించాలన్నది వాడి ఆలోచన. ఈలోగా పుణెలో ఉద్యోగం వచ్చింది. వెళ్ళిపోయాడు, మరిచిపోయాడు. ఎంత తేలిగ్గా మరిచిపోయాడో చెబుతుంటే, వాడు నా కొడుకేనా అనిపించింది.

సామాను వచ్చింది, మధుసూదన్ గారూ. జులైలోనే మా ఇంటికి వచ్చింది. నేను ఆఫీసులో ఉన్నాను. మిక్సీ బాగుచేసేవాడు పంపాడేమోనని పద్మజ ఆ పెట్టెను మిక్సీ పక్కన అలమారలో పెట్టింది. విప్పనైనా లేదు. మీ అమ్మాయి జారిన రోజున కూడా అది అక్కడే ఉంది. ఇప్పుడు నా ముందు బల్ల మీద ఉంది.

కిందటి ఉత్తరంలో లైటు వెలగడం నేనెప్పుడూ చూడలేదని రాశాను. అది నిజమే. అమ్మే ముందు నెలల్లో ఆ కారు నేను నడపనే లేదన్నది రాయలేదు. కంపెనీ క్యాబులో తిరిగాను. చూడని కారుకు పూచీ ఇచ్చి, పక్కన కూర్చుని పాఠం కూడా చెప్పాను. గీత వంకరపోయిన మాత్రను ఆపేవాణ్ణని మీకు గొప్పగా రాసుకున్నాను. నాకు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియడం లేదు. మావాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను, చాలలేదు. మేం పడాల్సిన మాటలన్నీ ఆ పిల్ల పడింది. ఆ పైన నేను "అలవాటు లేని కాలు" అని కూడా అన్నాను.

ఈ ఉత్తరం మీ అమ్మగారికి చదివి వినిపించండి.

చలపతిరావు


రావల్కోల్,
సద్దుల బతుకమ్మ మరునాడు.

రావు సాబ్,

చదివి వినిపించిన. మా అమ్మ చివరిదాకా విని, "మంచిగనే రాసినవ్ రా. సారు లెక్క ఎన్ని దినాలు నేర్చుకున్నవ్" అన్నది. మీ సంతకం చూపిస్తే, "పావురాల ఆఫీసర్ గొంతు వెట్టినోనివి, సారు సంతకం వెట్టలేవా" అన్నది. నేను పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్వలేక నవ్విన. రక్షిత ఉత్తరం గుంజుకొని తనంతట తాను చదివింది. "అంకుల్ రాసినట్టే ఉంది" అన్నది, కాని నా మొఖం వైపు చూసి మళ్ళీ అనుమానపడ్డది. నా కన్నబిడ్డ.

మీరు రావాలె. మీ నోటితో మా అమ్మ ముందట చెప్పాలె. ఇది నేను బతిలాడి రాస్తున్న, ఎక్కడ దాచుకుంటరో దాచుకోండి, మళ్ళీ దొరకదు.

పెట్టెను గండయ్య చేతికియ్యండి. ప్రతాప్ రింగూ సెన్సరూ వేసి, లైటు వైర్లు విడదీసి, ఆదివారానికి కారు ఇంటి ముందట పెడతనన్నడు. మా ఊరి పక్కన అమ్ముడుపోని ప్లాట్ల వెంచరుంది, మనిషి లేడు, రోడ్లు మాత్రం అద్దాలే. అక్కడ నీళ్ళు కొట్టి తడిపి చూద్దాం.

మూఢం సంగతి. కారు తొందరగా ఇయ్యమని పట్టుబట్టింది నేనే, నిజం. లైటు వెలుగుతుంటే నేను అపశకునం అనేవాణ్ణే, అది కూడా నిజం. కాని మీవాడు నాకు ఒక్క మాట చెప్పి ఉంటే, మూఢం అయ్యేదాకా ఆగుదును. నన్ను అడగకుండనే నా నమ్మకానికి అడ్డం తెర కట్టిండు. పుణె నుంచి వచ్చినప్పుడు నా ముందటికి రమ్మనండి, తారాబాయి బొగ్గులు ఊదిపిస్త. ఆమెకు కొత్త బండి చేయించిన, చక్రాలకు రంగులు కూడ ఏపిచ్చిన. నన్ను చూసి ఇంకా తిట్లే తిడుతున్నది, కాని కంకి చేతికిచ్చి తిడుతున్నది.

మధుసూదన్


శామీర్‌పేట,
దసరా వెళ్ళిన ఆదివారం రాత్రి.

మధుసూదన్ గారికి,

ఇవాళ మీరు ట్యాంకరు మీద నిలబడి పైపుతో వెంచరు రోడ్డు తడుపుతున్నప్పుడు కారు లోపల ఏం జరిగిందో మీకు తెలియదు. అడిగితే బుచ్చమ్మ గారు చెప్పరు, రక్షిత సిగ్గుపడుతుంది. కాబట్టి నేను రాస్తున్నాను.

అంతకు ముందు వాకిట్లో నేను చెప్పింది మీరు విన్నారు. "మీ మనవరాలు తప్పు తొక్కలేదమ్మా, నేను చెప్పినట్టే తొక్కింది, పనిచేయని దాన్ని నమ్ముకోమని చెప్పినవాణ్ణి నేను" అన్నాను. మీ అమ్మగారు అన్నదీ విన్నారు. "గా మాట ముందుగాల జెప్పెతందుకేమైంది సారూ. పిల్ల అప్పటి సంది నేల సూస్కుంట నడుస్తాంది." పాతికేళ్ళ ఉద్యోగంలో ఎవరూ నన్ను అలా నిలదీయలేదు. నిలబడి విన్నాను. ఆ తరువాత ఆవిడ తనంతట తానే వచ్చి వెనక సీట్లో కూర్చున్నారు. "జెప్పుడు గాదు, నేను సూడాలె" అన్నారు.

రక్షిత మొదటిసారి సగమే తొక్కింది. కారు మామూలుగా ఆగింది. నోటిదాకా వచ్చిన పాఠం మింగేశాను. ఈసారి నేను ఏమీ చెప్పదలచుకోలేదు. వెనకనుంచి బుచ్చమ్మ గారే, "మొత్తం తొక్కవే, ఏమైతదో సూద్దాం. నేనున్న గద" అన్నారు.

మళ్ళీ వెనక్కి వెళ్ళి జోరుగా వచ్చి తొక్కింది. పెడలు గుర్రుమంది, కారంతా అదిరింది. "అంకుల్, కాలు కింద ఏదో కొట్టుకుంటాంది" అంది. మీ అమ్మగారు, "కుక్కగిట్ల వడ్డదేమో సూడుండ్రి" అని తలుపు తీయబోయారు. లేదమ్మా, అది పనిచేస్తున్న చప్పుడే అన్నాను. అప్పటికే కారు తిన్నగా, మీరు తడిపిన గీత మీదే ఆగి ఉంది. రక్షిత నన్ను అడగకుండానే మళ్ళీ వెనక్కి తీసి, ఈసారి తొక్కుతూనే పక్కకు తిప్పింది. అక్కడున్న హద్దురాయిని తప్పించుకుని వెళ్ళి ఆగింది. గొర్లమంద వచ్చిన రోజు అది చేయాలనుకుందట.

బుచ్చమ్మ గారు కొంగు ముడి విప్పబోతే రాలేదు, బిగుసుకుపోయింది. పళ్ళతో విప్పారు. మీరు పింఛనిప్పిస్తానన్న పళ్ళే. తాళం మనవరాలి ఒళ్ళో వేసి, "గా అన్వేష్‌గానికి జెప్పు, రేపటి సంది వాన్నే నువ్వు ఎక్కిచ్చుకోని దింపుతవని" అన్నారు. రక్షిత నవ్వింది. అది మీరు చూడలేదు. అందుకే ఈ ఉత్తరం.

నాగసాయి వచ్చే నెల వస్తున్నాడు. మీ ముందుకు నేనే తీసుకొస్తాను. బొగ్గులు ఊదనివ్వండి.

మీ నంబరు బ్లాక్ తీసేశాను. పద్మజ చూస్తుండగా తీశాను.

ఒక్క సందేహం మాత్రం మిగిలిపోయింది. నల్ల టేపు చుట్టించానని నాగసాయి ఒట్టేస్తున్నాడు. మీరేమో లుంగీ పీలిక అన్నారు. నా లుంగీలన్నీ చూశాను, ఒక్కటీ చిరిగి లేదు. పాదుకు కట్టిన పీలికల్లో ఒక్కటీ తగ్గలేదు. గ్యారేజీవాడు టేపు పైన మళ్ళీ గుడ్డ ఎందుకు కట్టాడు, నాలాంటి లుంగీ వాడికి ఎక్కడ దొరికింది? ఇవాళ అడుగుదామనుకుని ఆ సందట్లో మరిచాను. ఆ పీలిక ప్రతాప్ దగ్గర ఉంటే పంపించండి. చూస్తే గాని నాకు నిద్రపట్టదు.

చలపతిరావు


రావల్కోల్,
మర్నాడు పొద్దున.

రావు సాబ్,

గండయ్య చేతికి పులిహోర డబ్బా మూత ఇచ్చి పంపుతున్న. పద్మజక్కకు నా దండాలు చెప్పండి. అంచుకు చిన్న సొట్ట ఉంది, అది నేను స్వాధీనం చేసుకోకముందుదే.

ఫోన్‌లో చెప్పొచ్చు గాని మీ అరుపు వినే ధైర్యం లేక రాస్తున్న. రక్షిత ఇప్పుడే కారు తీసుకొని తుర్కపల్లికి పోయింది. అన్వేష్‌ను మేడ్చల్‌లో దింపి పోతనన్నది. వాడు వెనక సీట్లో బెల్టు పెట్టుకొని కూర్చున్నడు. మా అమ్మ రాత్రి అన్నం పెట్టుకుంట, "నువ్వు గూడ నిజం జెప్పినవ్ రా ఈపాలి" అన్నది. ఈ ఇంట్ల ఆ మాట నేను ఇంతకుముందు వినలేదు. కొంచెం సిగ్గయింది. ఎందుకంటే మొత్తం నిజం కాదు.

లైట్లు జంటగా ఆరింది నిజం. మిషన్‌ల ఎడమ చక్రం కబురు రానిది నిజం. ప్రతాప్ అనుమానం నిజం. అనుమానమే రాసి పంపితే మీరు నాకేం తెలియదని రాసి ఊరుకుందురు. మీకు నిజంగనే తెలియదు కాబట్టి మీ నోటి నుంచి ఇంకేం వచ్చేది కాదు. తెలిసినోడు మీ ఇంట్లనే ఎవరో ఉండాలె అనుకున్న. మీ ఇల్లు మొత్తం కదలాలంటే ఏం చేయాలో ఆ రాత్రి శానా ఆలోచించిన. మీ సొరపాదు యాదికొచ్చింది.

ఆ రోజు మీరు పౌరుషం వదిలి షెడ్డుకొచ్చి ఉంటే నా బతుకు బజార్ల పడుతుండె. అప్పటికి ప్రతాప్ డాష్‌బోర్డుకు పాన కూడ పెట్టలేదు. మొన్న మీ పెట్టె వచ్చినాకనే విప్పిండు. నల్ల టేపే ఉంది, మీవాడు చెప్పినట్టే. లుంగీలన్నీ మడిచి బీరువాల పెట్టుకోండి. ఆ పీలిక ఎక్కడా లేదు రావు సాబ్, అది నేను కల్పించింది.

మధుసూదన్